డేలైట్ ఫిల్మా, టంగ్‌స్టన్ ఫిల్మా? మన ఇళ్లలోని వెలుగును చూసి తేల్చుకోండి

మా అక్కయ్య గృహప్రవేశం తెల్లవారుజామున మూడు గంటలకు. చీకటి వేళ, ఇంటి లోపల, దీపాల వెలుగులో ఫొటోలు తీయాలి. అలాంటి చోట, గుండు బల్బు వెలుగుకు తగ్గట్టు తయారు చేసే టంగ్‌స్టన్ ఫిల్మే వాడాలని ఎక్కడో చదివింది గుర్తుపెట్టుకుని, 800టి (‘టి’ అంటే టంగ్‌స్టన్) రోలు ఒకటి కెమెరాలో వేసుకుని వెళ్లాను. వారం తర్వాత స్కాన్లు వచ్చాయి. అక్కయ్య తన చేత్తో గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంటే దగ్గరగా వంగి తీసిన ఫొటో ముందుగా తెరిచాను. పసుపు పసుపులా లేదు. ఎండిన నిమ్మతొక్క మీద బూడిద చల్లినట్టుంది. కుంకుమలో ఎరుపు చచ్చిపోయి ఊదా మట్టిరంగు మిగిలింది. అక్కయ్య వేళ్లు చలికి కొంకర్లు పోయినవాళ్ల వేళ్లలా నీలిగా ఉన్నాయి.

రోలులో లోపం లేదు, ల్యాబులో కడగడంలోనూ లేదు. ‘ఇంటి లోపల అంటే టంగ్‌స్టన్’ అన్న సూత్రాన్ని నేను ఆ ఇంటికి పట్టుకుపోవడమే పొరపాటు. ఆ సూత్రం గుండు బల్బుల కాలంలో పుట్టింది. గదుల్లో పసుపుపచ్చటి వెలుగే ఉండే చోట అది ఇప్పటికీ చెల్లుతుంది. అక్కయ్య ఇంట్లో హాలు నిండా సీలింగులో పొదిగిన తెల్లటి ఎల్ఈడీ లైట్లు. మిగిలిపోయిన ఒక బల్బు పెట్టె అలమరలో కనిపిస్తే తీసి చూశాను. దాని మీద 6500 కెల్విన్ అని అచ్చు వేసి ఉంది. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత; అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు, ఎరుపుల వైపు పోతుంది. ఆ ఒక్క అంకె ముందే చదివి ఉంటే ఎండ వెలుగుకు తగ్గట్టు తయారు చేసే డేలైట్ ఫిల్ము వేసుకుని వెళ్లేవాణ్ణి.

ఫిల్ము కెమెరాలు బీరువాల్లోంచి మళ్లీ బయటికి వస్తున్నాయి. డేలైట్ ఫిల్ము కొనాలా, టంగ్‌స్టన్ కొనాలా అన్నది కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి. రోలులో ఉండేది 36 ఫొటోలే. తప్పు ఫిల్ము వేసుకుంటే మధ్యలో మార్చుకోవడం కష్టం. తిరిగిరాని సందర్భాలైతే మరీ నష్టం. అందుకని నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

అసలు తేడా ఎక్కడుంది

కలర్ ఫిల్ములో నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులకు స్పందించే పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యాహ్నపు ఎండలో ఈ మూడు రంగులూ దాదాపు సమంగా అందుతాయి. ఆ వెలుగును 5500 కెల్విన్‌గా లెక్కిస్తారు. డేలైట్ ఫిల్మును దానికి తగ్గట్టుగా తూచి తయారు చేస్తారు. టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలిగే గుండు బల్బు వెలుగులో ఎరుపు పుష్కలంగా ఉంటుంది, నీలం చాలా తక్కువ. స్టూడియోల్లో వాడే అలాంటి దీపాల వెలుగు 3200 కెల్విన్. టంగ్‌స్టన్ ఫిల్ములో నీలం పొరకు మిగతా రెండింటికన్నా ఎక్కువ చురుకుదనం ఇస్తారు. ఆ వెలుగులో నీలానికి ఉన్న కొరతను అది పూడుస్తుంది.

మన కన్నుకు ఈ గొడవ లేదు. తెల్ల పంచె ఎండలో చూసినా, గుండు బల్బు కింద చూసినా తెల్లగానే కనిపిస్తుంది. మెదడు ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. ఫిల్ము సర్దుకోదు. ఫ్యాక్టరీలో ఏ వెలుగుకు తూచారో ఆ వెలుగునే తెలుపు అనుకుంటుంది. అందుకే డేలైట్ ఫిల్ము గుండు బల్బు కింద పంచెను నారింజ రంగులో, టంగ్‌స్టన్ ఫిల్ము ఎండలో అదే పంచెను నీలంగా చూపిస్తాయి.

పాత రోళ్లు కొనేవాళ్ల కోసం ఒక మాట. టంగ్‌స్టన్‌లోనూ రెండు రకాలు ఉండేవి. టైప్ బి అంటే 3200 కెల్విన్, టైప్ ఎ అంటే ఫొటోఫ్లడ్ బల్బుల కోసం 3400 కెల్విన్. కోడాక్రోమ్ 40 టైప్ ఎ ఆ రెండో రకం. ఆ తేడా చిన్నదే.

కెల్విన్ అంకెలను చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. 5500కూ 6500కూ మధ్య 1000 తేడా, 2800కూ 3200కూ మధ్య 400 మాత్రమే తేడా. ఫిల్ము మీద రెండోదే పెద్ద మార్పు. ఎంత రంగు మారుతుందో చెప్పే కొలత మైరెడ్. పది లక్షలను కెల్విన్ అంకెతో భాగిస్తే అది వస్తుంది. 5500కు 182, 6500కు 154. అంటే 28 తేడా. 2800కు 357, 3200కు 312. అంటే 45 తేడా. ఫోనులో ఒక్క భాగారంతో తేలిపోయే లెక్క ఇది. ఫిల్టర్ కొనేముందు, రోలు ఎంచుకునేముందు చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఈ లెక్కతో మా అక్కయ్య ఇంటిని చూడండి. టంగ్‌స్టన్ ఫిల్ము 312, ఆ ఇంటి లైట్లు 154. తేడా 158. ఎండలో టంగ్‌స్టన్ ఫిల్మును సరిచేయడానికి వాడే నారింజ ఫిల్టర్ 85బి మార్చగలిగేది 131 మైరెడ్లు. అంటే ఆ ఫిల్టర్ పెట్టుకుని వెళ్లినా నీలం ఛాయ కొంత మిగిలేది. డేలైట్ ఫిల్ముతో తేడా 28 మాత్రమే. మబ్బు పట్టిన పగలు తీసినట్టు ఉండేది, అంతే.

మీ చుట్టూ ఉన్న వెలుగు ఏది

తెలుగు ఇళ్లలో ట్యూబులైటు వచ్చి చాలా దశాబ్దాలైంది. ఆ తెల్లటి వెలుగుకు అలవాటుపడిన కళ్లే తర్వాత తెల్లటి ఎల్ఈడీని కోరుకున్నాయి. దుకాణంలో బల్బు అడిగితే, వేరే చెప్పకపోతే, చేతిలో పెట్టేది కూల్ డేలైట్ రకమే. అది 6500 కెల్విన్. మనలో చాలామందికి ఇంటి వెలుగు ఎండకన్నా కూడా కాస్త చల్లనిది. అలాంటి ఇంట్లో పగలైనా రాత్రైనా డేలైట్ ఫిల్మే వాడాలి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకుంటానంటే ఆ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

ట్యూబులైటు, చౌక ఎల్ఈడీలతో ఇంకో చిక్కు ఉంది. వాటి వెలుగులో అన్ని రంగులూ ఎండలోలా వరుసగా ఉండవు, కొన్ని చోట్ల గంతులు వేస్తాయి. ట్యూబులైటు కింద డేలైట్ ఫిల్ము మీద చర్మానికి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దానికి ఎఫ్ఎల్-డి అనే లేత గులాబీ ఫిల్టర్ ఉంది. దాదాపు ఒక స్టాపు, అంటే సగం వెలుగును తింటుంది. నెగటివ్ ఫిల్మైతే ఆ ఆకుపచ్చను స్కాన్‌లో తీసేయవచ్చు కాబట్టి నేను ఫిల్టర్ పెట్టను.

టంగ్‌స్టన్ వెలుగు ఇంకా ఎక్కడ మిగిలి ఉంది? పాత హోటళ్లలో, గుండు బల్బులు వేలాడే చిరుతిళ్ల బండ్ల దగ్గర, నాటక ప్రదర్శనల్లో హాలోజన్ లైట్లు వాడే వేదికల మీద. పెద్ద హోటళ్ల గదుల్లో, రెస్టారెంట్లలో వార్మ్ వైట్ ఎల్ఈడీలు ఉంటాయి. అవి 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉంటాయి కాబట్టి టంగ్‌స్టన్ ఫిల్ముకు దగ్గర. అమెరికాలో, ఇంగ్లండులో ఉండే మనవాళ్ల ఇళ్లలో కూడా పచ్చటి లైట్లే ఎక్కువ. అక్కడివాళ్లు రాసిన సలహాలు వాళ్లకు సరిపోతాయి. సెలవులకు ఇక్కడికి వచ్చి అమ్మమ్మ ఇంట్లో తీసేటప్పుడే తేడా కొడుతుంది.

వీధి దీపాలది మరో కథ. సోడియం దీపం నారింజ వెలుగును ఏ ఫిల్మూ పూర్తిగా సరిచేయలేదు. ఆ వెలుగులో నీలం దాదాపు ఉండదు, లేని రంగును ఫిల్టర్ తీసుకురాలేదు. టంగ్‌స్టన్ ఫిల్ము ఆ నారింజను కొంత తగ్గిస్తుంది, అంతవరకే. ఇప్పుడా దీపాలే పోతున్నాయి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో పెద్ద ఎత్తున ఎల్ఈడీ వీధి దీపాలు వేశారు. ఆ తర్వాత మిగతా పట్టణాలూ అదే దారి పట్టాయి. అందుకని ‘రాత్రి వీధి అంటే టంగ్‌స్టన్’ అన్నమాటను కూడా కళ్లు మూసుకుని నమ్మవద్దు.

మరి ఎదురుగా ఉన్న వెలుగు ఏదో ఎలా తెలుస్తుంది? కలర్ మీటర్ కొనక్కరలేదు. ఫోను కెమెరాలో ప్రో మోడ్ తెరిచి, వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి 5500 దగ్గర ఉంచండి. తెర మీద తెల్ల గోడ, చర్మం ఏ రంగులో కనిపిస్తే డేలైట్ ఫిల్ము మీద సుమారుగా అలాగే వస్తాయి. ఆ తర్వాత 3200కు మార్చి చూడండి, టంగ్‌స్టన్ ఫిల్ము ఎలా చూస్తుందో తెలుస్తుంది. పది సెకన్ల పని. నేను ఇప్పుడు ఏ హాల్లో అడుగుపెట్టినా చెప్పులు విడిచిన వెంటనే చేసే పని ఇదే.

ఫిల్టర్ల లెక్క: రెండు స్టాపులా, మూడింట రెండు వంతులా

‘ఏ ఫిల్మైనా ఫిల్టర్ పెడితే సరిపోతుంది కదా’ అంటారు. సరిపోతుంది. అయితే రెండు వైపులా ఖర్చు ఒకటి కాదు. ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎంపిక చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

డేలైట్ ఫిల్మును 3200 కెల్విన్ దీపాల కింద వాడాలంటే 80ఎ అనే ముదురు నీలం ఫిల్టర్ కావాలి. అది రెండు స్టాపుల వెలుగును మింగేస్తుంది. ఒక స్టాపు అంటే వెలుగులో సగం, రెండంటే పావు వంతే మిగులుతుంది. ఐఎస్ఓ (ఫిల్ము వెలుగుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 400 ఉన్న ఫిల్ము కాస్తా 100 అయిపోతుంది. టంగ్‌స్టన్ ఫిల్మును ఎండలో వాడాలంటే 85బి అనే నారింజ ఫిల్టర్ కావాలి. దాని ఖర్చు స్టాపులో మూడింట రెండు వంతులే. 800 ఫిల్ము 500 అవుతుంది, 500 ఫిల్ము 320 అవుతుంది.

రెండు ఫిల్టర్లూ అదే 131 మైరెడ్లను అటూ ఇటూ మారుస్తాయి. మరి ఖర్చులో ఇంత తేడా ఎందుకు? బల్బు వెలుగులో ఎరుపే ఎక్కువ, నీలం చిటికెడు. ఉన్న కాస్త నీలానికి సమానం చేయాలంటే ఎరుపునూ ఆకుపచ్చనూ కోసి పారేయాలి. అంటే ఉన్న వెలుగులో చాలా భాగం పోతుంది. ఎండలో నీలం ఒక్కదాన్నే కొంత తగ్గిస్తే చాలు.

అంకెల్లో చూద్దాం. రాత్రి ఇంట్లో ఓ మోస్తరు దీపాల కింద ఐఎస్ఓ 800 ఫిల్ముకు లెన్సును ఎఫ్ 2 దాకా తెరిస్తే షట్టర్ వేగం 1/60 సెకను వస్తుందనుకోండి. చేత్తో పట్టుకుని హాయిగా తీయవచ్చు. అదే చోట 400 డేలైట్ ఫిల్ముకు 80ఎ ఫిల్టర్ పెడితే ఫిల్ము 100తో సమానం. ఎఫ్ 2 దగ్గరే షట్టర్ 1/8 సెకనుకు దిగుతుంది. స్టాండు లేకుండా ఆ వేగంలో తీస్తే చెయ్యి కదులుతుంది, కదలకపోయినా ఎదురుగా ఉన్న మనిషి కదులుతాడు. మరి ఎండలో? 800ను 500 చేసుకున్నా వెలుగుకు లోటు లేదు. వెలుగు తక్కువగా ఉన్న చోట ఎక్కువ ఖర్చు పెట్టడం కన్నా ఎక్కువగా ఉన్న చోట తక్కువ ఖర్చు పెట్టడం మేలు.

సినిమా ఫిల్ములో టంగ్‌స్టన్ రకానికి అంత పెద్ద పీట వేయడానికి ఇదీ ఒక కారణం. ఇంటి సినిమాలు తీసుకోవడానికి 1965లో వచ్చిన సూపర్ 8 కెమెరాలైతే ఈ లెక్క మీదే నడిచాయి. కార్ట్రిడ్జ్‌లోని ఫిల్ము టంగ్‌స్టన్‌ది, కెమెరా లోపలే 85 ఫిల్టర్ అమర్చి ఉండేది. ఎండలో ఆ ఫిల్టర్ అడ్డంగా ఉండేది, దీపాల కింద పక్కకు తప్పించేవాళ్లు.

అంతమాత్రాన ఎప్పుడూ టంగ్‌స్టన్ రోలే వేసుకుని, పగలు 85బి పెట్టుకుని తిరగమని నేను చెప్పను. మధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 500 అంటే ఎఫ్ 16 దగ్గర 1/500 సెకను. పాత కెమెరాల్లో చాలావాటి షట్టర్ అంతకుమించి పెద్దగా వెళ్లదు. లెన్సు బాగా తెరిచి వెనుక దృశ్యాన్ని మసకగా చేద్దామంటే కుదరదు. పైగా 800టి రోలు ధర మామూలు డేలైట్ రోలు కన్నా బాగా ఎక్కువ. రోజంతా బయట ఎండలో ఉంటే డేలైట్ ఫిల్ముకు సాటి లేదు.

‘స్కాన్‌లో సరిచేసుకోవచ్చు కదా’

కొంతవరకు నిజం. నెగటివ్ ఫిల్ముకు ఓర్పు ఎక్కువ. పోర్ట్రా 400, గోల్డ్ 200 లాంటి డేలైట్ నెగటివ్‌లతో వార్మ్ వైట్ దీపాల కింద ఫిల్టర్ లేకుండా తీసి, స్కాన్‌లో నారింజను వెనక్కి లాగితే చాలాసార్లు చక్కటి ఫొటోలే వస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బల్బు వెలుగులో డేలైట్ ఫిల్ము నీలం పొరకు అందాల్సినంత వెలుగు అందదు. మీటర్ చెప్పినట్టే తీసినా ఆ పొర ఒకటి రెండు స్టాపులు ఆకలితో ఉంటుంది. స్కాన్‌లో నీలాన్ని పైకి లాగినప్పుడు దాంతోపాటు గ్రెయిన్ (ఇసుకలా కనిపించే రవ్వలు) కూడా పైకి వస్తుంది. నల్లటి జుట్టులో, ముదురు పట్టుచీర మడతల్లో బురద పట్టినట్టు పసుపుపచ్చ మచ్చలు తేలతాయి. దీనికి విరుగుడు ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వడమే. 400 ఫిల్మును 200గానో, ఇంకా బల్బులు బాగా పచ్చగా ఉంటే 100గానో లెక్కించి తీయాలి. అంటే ఫిల్టర్ తినే రెండు స్టాపుల్లో చాలా భాగం ఇక్కడా చెల్లించినట్టే. ఊరికే ఏదీ రాదు.

టంగ్‌స్టన్ ఫిల్మును ఎండలో ఫిల్టర్ లేకుండా వాడినా ఇదే పద్ధతి, తిరగేసి. అక్కడ ఆకలితో ఉండేది ఎరుపు పొర. నా గృహప్రవేశం ఫొటోల్లో కొన్ని స్కాన్‌లో చాలావరకు కోలుకున్నాయి, అవి ఎక్స్‌పోజర్ ఎక్కువ పడినవి. గడప ఫొటో వెలుగు తక్కువ మూలలో తీసింది. దాన్ని ఎంత లాగినా కుంకుమ తిరిగి రాలేదు. ఎరుపు పొర మీద నమోదు కానిదాన్ని కంప్యూటర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

స్లైడ్ ఫిల్మైతే ఈ చర్చకే తావు లేదు. ఎక్టాక్రోమ్ ఇ100, వెల్వియా 50, ప్రోవియా 100ఎఫ్ అన్నీ డేలైట్ ఫిల్ములే. కెమెరాలో ఏది పడితే అదే చివరి ఫొటో. బల్బుల కింద స్లైడ్ తీయాల్సిందే అంటే 80ఎ తప్పదు. ఒకప్పుడు ఎక్టాక్రోమ్ 64టి, 160టి, ఫూజీ 64టి లాంటి టంగ్‌స్టన్ స్లైడ్ ఫిల్ములు ఉండేవి. కట్టడాల లోపలి భాగాలు, నగలు, చీరలు, వస్తువులు తీసేవాళ్లు వాటిని నమ్ముకునేవాళ్లు. ఇప్పుడు అవి కొత్తగా రావడం లేదు. గడువు దాటిన రోళ్లు ఎవరైనా అమ్మితే, ఫ్రిజ్‌లో దాచినవని నమ్మకం ఉంటేనే కొనండి. ముఖ్యమైన పనికి మాత్రం వాడవద్దు.

దొరికేవాటిలో ఎంపిక

డేలైట్‌లో ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. కలర్‌ప్లస్ 200, గోల్డ్ 200, అల్ట్రామాక్స్ 400, ఎక్టార్ 100, పోర్ట్రా 160, 400, 800. అన్నీ సి-41 పద్ధతిలో కడిగేవి. కలర్ రీలు కడిగే ఏ ల్యాబులోనైనా పని జరిగిపోతుంది.

టంగ్‌స్టన్‌లో ప్రధానంగా రెండు దారులు. ఒకటి సినీస్టిల్ 800టి. కోడాక్ సినిమా ఫిల్ము విజన్3 500టిలో వెనుక ఉంటూ వచ్చిన నల్లటి కార్బన్ పూతను ముందే తీసేసి, సి-41లో కడగడానికి వీలుగా చేసిన రోలు అది. ఆ పూత పేరు రెమ్‌జెట్. ఫిల్మును దాటి వెళ్లిన వెలుగు వెనుక పలకకు తగిలి తిరిగి రాకుండా అది ఆపుతుంది. పూత లేని 800టిలో బలమైన దీపం ఫ్రేములో ఉంటే ఆ వెలుగు వెనక్కి వచ్చి అడుగున ఉన్న ఎరుపు పొరను తాకుతుంది. దీపం చుట్టూ ఎర్రటి వలయం ఏర్పడుతుంది. రాత్రి వీధుల ఫొటోల్లో మీరు చూసే ఆ ఎర్రటి కాంతివలయాల రహస్యం ఇదే. అది కొందరికి ప్రాణం. మనుషుల ముఖాల పక్కన అది ఉంటే నాకు నచ్చదు.

రెండో దారి, విజన్3 500టి లేదా 200టి ఫిల్మునే చిన్న రోళ్లుగా చుట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనడం. ధర తక్కువ, వలయాలు రావు, రంగులు మృదువుగా ఉంటాయి. అయితే రెమ్‌జెట్ ఉన్న ఫిల్మును సి-41 యంత్రంలో వేస్తే ఆ నల్లటి పూత ఊడి రసాయనాలన్నిటినీ పాడుచేస్తుంది. మీ రోలుతో పాటు ఇంకొకరి పెళ్లి రోలు కూడా పోవచ్చు. దీన్ని సినిమా ఫిల్ముకు వాడే ఈసీఎన్-2 పద్ధతిలోనే కడగాలి. కొనేముందే ల్యాబుకు ఫోను చేసి ‘రెమ్‌జెట్ ఉన్న ఫిల్ము తీసుకుంటారా’ అని అడగండి. అమ్మేవాళ్లనూ పూత ఉందో లేదో అడగండి. డబ్బా మీద ఆ మాట రాసి లేకపోతే ఉందనే అనుకోండి.

విమానంలో వెళ్లేటప్పుడు రోళ్లను చేతి సంచిలో పెట్టుకుని, యంత్రంలో వేయకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి. ఐఎస్ఓ 800 ఫిల్ముకు ఎక్స్-రే భయం ఎక్కువ. కొత్త సీటీ స్కానర్లు ఏ ఫిల్మునైనా మసకబార్చగలవు.

కొన్ని సందర్భాలు

పెళ్లి. ఒకప్పుడు వీడియో తీసేవాళ్లు వెయ్యి వాట్ల హాలోజన్ లైటు పట్టుకుని పెళ్లికొడుకు ముఖం మీదికి వచ్చేవాళ్లు. ఆ వెలుగు నికరమైన 3200 కెల్విన్. ఫొటోలు తీసేవాళ్లు డేలైట్ నెగటివ్ వేసి ఫ్లాష్ కొట్టేవాళ్లు. ఫ్లాష్ దగ్గరి ముఖాలను సరిగ్గా చూపిస్తే, వెనుక వరుసలో కూర్చున్న బంధువులు హాలోజన్ పసుపులో మునిగిపోయేవాళ్లు. పాత ఆల్బములు తీసి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు వీడియోవాళ్ల చేతిలో ఉన్నవి ఎల్ఈడీ ప్యానెళ్లు. చాలావాటిని ఒక మీట తిప్పి 3200 నుంచి 5600 దాకా ఎక్కడైనా ఉంచవచ్చు. కాబట్టి ముహూర్తానికి ముందే వెళ్లి, ‘లైటు ఎంత మీద పెట్టారు బాబూ’ అని అడిగి తెలుసుకోండి. వీలైతే పగటి వెలుగు దగ్గర పెట్టమని కోరండి. ఆ ఒక్క మాటతో రోలు దక్కుతుంది. పెళ్లికి నా ఓటు డేలైట్ 400 లేదా 800. ఫ్లాష్ ఉంటుంది, కిటికీ ఉంటుంది, బయట మేళం ఉంటుంది. అన్నింటికీ అది సర్దుకుంటుంది. ఎర్రటి షామియానా కింద మాత్రం ఏ ఫిల్మూ సాయం చేయదు. గుడ్డ రంగే వెలుగు రంగు అవుతుంది. కొబ్బరాకుల పందిరి కింద పడే లేత ఆకుపచ్చ నీడ నాకు ఇష్టం, దాన్ని సరిచేయను.

కార్తీక దీపాలు. టంగ్‌స్టన్ ఫిల్ముకు మన దగ్గర ఇంతకన్నా మంచి సందర్భం నాకు తెలియదు. ప్రమిద వెలుగు సుమారు 1900 కెల్విన్, అంటే 526 మైరెడ్లు. డేలైట్ ఫిల్ముకు అది 344 మైరెడ్ల దూరం. ముఖాలు నిప్పుల్లా ఎర్రగా వస్తాయి, పసుపు చీరకూ ఎర్ర చీరకూ తేడా చెరిగిపోతుంది. టంగ్‌స్టన్ ఫిల్ముకు దూరం 214. ఇంకా బంగారు రంగే, దీపం దీపంలాగే ఉంటుంది, అయితే చీర రంగు తెలుస్తుంది, కళ్లలో తెలుపు తెలుస్తుంది. ఒక సాయంత్రం చెరువు గట్టున రెండు కెమెరాలతో పక్కపక్కనే తీశాను. ఒకదానిలో పోర్ట్రా 400, రెండోదానిలో 500టి. ఒక ముసలమ్మ అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్లలోకి వదులుతోంది. పోర్ట్రా మీద దీపం, చేతులు, ముఖం ఒకే నారింజ ముద్ద. ఆకాశం బూడిద రంగు. 500టి మీద ఆమె చేతి మీది ముడతలు ఒక్కొక్కటీ వేరుగా కనిపిస్తున్నాయి, అరటిదొప్ప ఆకుపచ్చగానే ఉంది, వెనుక చెరువు మీద మిగిలిన సంధ్యవెలుగు గాఢమైన నీలం. ఇలాంటి చోట ప్రమిదల వరుస మొత్తం ఫ్రేములో ఉంటే 800టి ప్రతి వత్తి చుట్టూ ఎర్ర వలయం గీస్తుంది. వద్దనుకుంటే రెమ్‌జెట్ ఉన్న 500టి తీసుకోండి.

సూర్యుడు దిగిన తర్వాతి అరగంట. దుకాణాల లైట్లు వెలిగి, ఆకాశంలో ఇంకా వెలుగు మిగిలి ఉండే వేళ. పచ్చటి దీపాలున్న వీధిలో టంగ్‌స్టన్ ఫిల్ము దుకాణాన్ని సహజంగా ఉంచి ఆకాశాన్ని ముదురు నీలంలోకి తీసుకుపోతుంది. తెల్ల ఎల్ఈడీల వీధిలో అదే ఫిల్ము అన్నింటినీ నీలం చేసి తేడా లేకుండా చేస్తుంది. అక్కడ డేలైట్ 800 మేలు. స్టాండు వేసి సెకను దాటిన ఎక్స్‌పోజర్లు ఇస్తే ఏ ఫిల్మైనా కాస్త మందగిస్తుంది. ఆ ఫిల్ము వివరాల పత్రం చూసి అదనంగా వెలుగు ఇవ్వండి.

ఫ్లాష్. దాని వెలుగు ఎండకు దగ్గర, కాబట్టి డేలైట్ ఫిల్ము. టంగ్‌స్టన్ ఫిల్ముతో ఫ్లాష్ వాడాలంటే ఫ్లాష్ ముఖానికి ఫుల్ సీటీఓ అనే నారింజ జెల్ కాగితం అంటించాలి. ఇందులో ఒక అందమైన ఉపాయం దాగి ఉంది. సాయంత్రం బయట టంగ్‌స్టన్ ఫిల్ము వేసి, ఎదుటి మనిషి మీద జెల్ అంటించిన ఫ్లాష్ వేస్తే ముఖం సహజంగా వచ్చి, వెనుక లోకమంతా వెన్నెల నీలంలోకి మారుతుంది. పగలు తీసి రాత్రిగా చూపించే సినిమా పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ టంగ్‌స్టన్ ఫిల్మును ఫిల్టర్ లేకుండా ఎండలో పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించి తీసేవాళ్లు.

ఒక్క రోలే కొనగలిగితే, ఇంకా ఏం తీస్తారో తెలియకపోతే, 400 డేలైట్ నెగటివ్ తీసుకోండి. రెండో ఆలోచన వద్దు. ఇంట్లో తెల్ల లైట్లు, బయట ఎండ, ఫ్లాష్ అన్నీ దాని పరిధిలోనే ఉంటాయి. టంగ్‌స్టన్ రోలు కొనాల్సింది ఎక్కడ, ఏ వెలుగులో తీస్తారో ముందే తెలిసినప్పుడు: దీపాల పండుగ, నాటకం, పచ్చటి లైట్ల హోటలు, సంధ్యవేళ వీధి. ఆ పని కోసం కొని, ఆ పనిలోనే రోలు ముగించండి. సగం వాడిన టంగ్‌స్టన్ రోలు కెమెరాలో ఉండగా మర్నాడు పొద్దున పిల్లల్ని ఎండలో తీయాల్సి వస్తే 85బి ఒకటి సంచిలో ఉండటం మంచిది. నా దగ్గర 80ఎ కూడా ఉంది కానీ, రెండు స్టాపులు వదులుకోవడం ఇష్టం లేక దాన్ని తీయడం చాలా అరుదు.

రోలు ల్యాబుకు ఇచ్చేటప్పుడు కవరు మీద రెండు విషయాలు రాయండి. ఒకటి, ఫిల్ము పేరు, కడగాల్సిన పద్ధతి. రెండు, మీరు కావాలని నీలం లేదా నారింజ ఛాయ ఉంచి ఉంటే ‘రంగు సరిచేయవద్దు’ అన్న మాట. స్కానర్లు తమంతట తామే రంగును సమం చేస్తాయి. చెరువు గట్టున తీసిన ఆ నీలాన్ని ల్యాబు యంత్రం మొదటిసారి బూడిదగా మార్చేసింది. కవరు మీద ఆ మాట రాసి మళ్లీ స్కాన్ చేయిస్తేనే తిరిగి వచ్చింది.